వకీలమ్మ ఎనిమిదో పాఠం

ఆమె లా చదవలేదు, నల్లకోటు తొడగలేదు, కోర్టు గుమ్మం తొక్కలేదు. ఇరవై రెండేళ్లుగా, తెలుగు తెలియని ఊళ్లో, ఒక లాండ్రీ కౌంటరు వెనక నిలబడి, చొక్కాల మీది మరకల గురించి జనంతో ఇంగ్లీషులో మాట్లాడటం ఆమె ఉద్యోగం. అయినా ఇంట్లో ఆమె పేరు వకీలమ్మ. పెట్టింది మొగుడు. బ్యాంకులోనైనా, కరెంటాఫీసులోనైనా ఆయన గొంతు సవరించుకునేలోపే ఆయన తరఫున ఈమె మాట్లాడేసి, నెగ్గి, రసీదు పట్టుకుని బయటికి వచ్చేసేది. "నేను నోరు తెరుద్దామనుకున్నాను" అని ఆయన నసిగితే, "నేనున్నానుగా" అనేది. "మా వకీలమ్మ ఉండగా నాకు నోరెందుకులే" అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఇంకేమైనా ఉందా అని ఈమె తొంగిచూడలేదు. నెగ్గుకొచ్చేవాళ్లకి అంత తీరిక ఎక్కడుంటుంది?

ఆయన లిఫ్టు మెకానిక్. రెండేళ్ల కిందట ఛాతీలో నొప్పి వచ్చి, మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడు. మొదటి రోజు డాక్టరు మంచం దగ్గరికొచ్చి, ఆయన కళ్లలోకే చూస్తూ ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆయన దిండు మీంచి తల కాస్త ఎత్తి, "ఐ..." అన్నాడు. అంతే. నొప్పి ఎప్పటినుంచి, ఎటువైపు, ఏ మాత్రలు వాడుతున్నాడు, అన్నీ వకీలమ్మ గడగడా చెప్పేసింది. డాక్టరు రాసుకున్నాడు. ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు, వైద్యంలో లోటూ జరగలేదు. ఆయన మాత్రం తల మళ్లీ దిండు మీద పెట్టేసుకున్నాడు. మర్నాడు గొట్టాలు పెట్టారు. ఆ తరువాత ఆయన మాట్లాడలేదు. ఆ "ఐ" తరువాత ఏముందో ఆమెకి ఈ జన్మకి తెలియదు. కౌంటరు దగ్గర ఎవరైనా "ఐ" అని మొదలుపెడితే ఇప్పటికీ ఆమె చేతిలోని చొక్కా ఒక్క క్షణం ఆగుతుంది.

ఆయన పోయిన ఏడాదికి, పనిముట్ల సంచీ ఆయనతో పనిచేసిన మనిషికి ఇచ్చేద్దామని కూతురు బయటికి తీసింది. పక్క జేబులో గ్రీజు మరకల పసుపుపచ్చ కార్డు ఒకటి దొరికింది. పెద్దలకి ఉచితంగా ఇంగ్లీషు నేర్పే క్లాసు హాజరు కార్డు అది. మంగళవారం, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలకి. పదకొండు ముద్రలున్నాయి.

"మంగళ గురువారాలు ఓవర్‌టైమ్ అనేవాడు కదే మీ నాన్న" అంది వకీలమ్మ.

"నీకు చెప్తే ఏమంటావో తెలుసుగా" అంది కూతురు.

తెలుసు. "నేనున్నానుగా" అనేది.

ముందు ఒళ్లు మండింది. ముప్పయ్యేళ్ల కాపురంలో దాచింది ఇదొక్కటే, అదీ ఇదా? కోపం రెండు రోజులుంది. మూడో రోజు నుంచి పట్టుకున్నదే వేరు. ఆయన ఎక్కడో ఒక గదిలో, ఒక కుర్చీలో కూర్చుని, పదకొండు మధ్యాహ్నాలు ఇంగ్లీషులో మాట్లాడాడు. మొదలుపెట్టి, పూర్తి చేసి, ఆగాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు విన్నారు. వాళ్లకున్న అదృష్టం కట్టుకున్న పెళ్లానికి లేకపోయింది. ఇస్త్రీ పెట్టె ఆవిరిలో నిలబడి ఆమె అదే అనుకునేది: ఒక్కటంటే ఒక్క వాక్యం చాలు, ఆయనది, మొదటినుంచి చివరిదాకా.

కార్డు మీది చిరునామా పట్టుకుని వెళ్లింది. నాలుగంతస్తుల పాత భవనం. లిఫ్టు లోపల, అద్దం పక్కన తనిఖీ కార్డు అతికించి ఉంది. అందులో పైవరసల్లో ఆయన సంతకం, రెండు గీతలూ ఒక సున్నా, నెలకొకటి. లిఫ్టు చూడటానికి వచ్చి, రెండో అంతస్తులో తలుపు మీది ప్రకటన చూసి చేరినట్టున్నాడు. వకీలమ్మ రెండో అంతస్తుకి రెండుసార్లు పైకీ కిందికీ తిరిగింది, ఆ సంతకాల కోసం.

అది పెద్దలకి ఇంగ్లీషు ఎలా నేర్పాలో నేర్పే సంస్థ. మొదటి సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లకి పాఠాలు చెప్పి చేయి తిరగాలి కదా, అందుకే ఆ ఉచిత క్లాసు. ఆఫీసు గుమాస్తా పాత రిజిస్టరు తీసి చూపించాడు. ఆయన పేరు ఎదురుగా పదకొండు గుర్తులు.

"క్లాసులో ఏం మాట్లాడేవారో ఎవరికైనా తెలుస్తుందా?"

"పాఠం చెప్పేవాళ్లు నెలకొకళ్లు మారిపోతారమ్మా. కోర్సవగానే ఎవరి దారి వాళ్లది. నేర్చుకునేవాళ్లూ అంతే, ఇవాళ ఉంటారు, రేపు ఉండరు."

వకీలమ్మ చేరే కాగితం అడిగి తీసుకుంది. ఎందుకని కూతురు నిలదీస్తే సరిగ్గా చెప్పలేకపోయింది. ఆ గదిలో నిలబడాలనుంది. ఆయనలాంటి మనిషి ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే, ఆయనకి నేర్పకుండా ఎగ్గొట్టినది వాళ్లకైనా నేర్పాలనుంది. "నీకు ఇంగ్లీషు మాట్లాడటం వచ్చమ్మా. నేర్పడం వేరేమో" అంది కూతురు. పిల్ల నోట్లో నువ్వు గింజ నానదు, కానీ ఆ మాట నిజమే అయింది.

కోర్సు నాలుగు వారాలు. లాండ్రీలో సెలవు పెట్టింది. పొద్దున ఎలా చెప్పాలో నేర్చుకోవడం, మధ్యాహ్నం చెప్పడం. ఒక్కొక్కరికీ ఎనిమిది పాఠాలు, పాఠానికి నలభై నిమిషాలు. ఏ నిమిషానికి ఏం చేస్తామో ముందే గళ్లు గీసి రాసివ్వాలి. గది వెనక, కిటికీ పక్కన కోర్సు మేడమ్ కూర్చుని చూస్తూ రాసుకుంటుంది. సన్నగా, చెవి వెనక పెన్సిలుతో, కోపం రాని మనిషి. కోపం వచ్చేవాళ్లయితే వకీలమ్మ ఎలాగో నెట్టుకొచ్చేది.

నేర్చుకునేవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల మధ్య ఒక అలవాటుండేది. పాఠం చెప్పేవాళ్లు నెలనెలా మారిపోయి పేర్లు గుర్తుంచుకోలేకపోతుంటే, తమ వృత్తినే పేరుగా చెప్పేసుకునేవాళ్లు. బేకరీ, అద్దాలు, డ్రైవరు, అలా. మూల కుర్చీలో తాళాలు, అంటే తాళాలు బాగుచేసే ఆయన. అరవై దాటిన మనిషి, వేళ్ల నిండా సన్నటి గాట్లు. రెండేళ్లుగా అదే క్లాసు. కొన్నాళ్లు వస్తాడు, పనులు పడితే నెలల తరబడి రాడు, మళ్లీ వచ్చి మొదటినుంచి మొదలుపెడతాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య అతను తీసుకునే వ్యవధిలో వకీలమ్మ కౌంటరులో ముగ్గురిని పంపించేయగలదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. వరసలో పదిమంది నిలబడి ఉంటే లాండ్రీలో ఎవరి మాటా పూర్తిగా వినరు. కస్టమరు "ఇక్కడ కొంచెం..." అనగానే "నూనె, గురువారం వచ్చి తీసుకోండి" అనేయాలి. ఇరవై రెండేళ్లు అలా బతికిన నోరు ఊరుకుంటుందా? క్లాసులో ఎవరు మొదలుపెట్టినా మిగతాది ఈమె అందించేసేది. వాళ్లు తలూపేవాళ్లు. పాఠం చకచకా సాగిపోయేది. తనకి మాత్రం భలేగా చెప్పినట్టే ఉండేది.

మూడో పాఠం ప్రమాణానికి తక్కువ అన్నారు. ఆరోదీ తక్కువే. ఆరో పాఠం తరువాత కోర్సు మేడమ్ ఒక కాగితం చేతికిచ్చింది.

"విద్యార్థుల నోట్లోంచి మీరు మాట లాగేసుకున్న ప్రతిసారీ ఒక గీత పెట్టాను. ఇరవై మూడున్నాయి. వాళ్లు ఎక్కడ ఆగారో, మీరేం అందించారో కూడా కొన్నిచోట్ల రాశాను. ఇంటికెళ్లి చూసుకోండి."

"సాయం చేద్దామనేనండీ."

"తెలుసు. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. అందాకా నోరు విప్పకండి. ఏడోది గట్టెక్కినా, ఎనిమిదోది కూడా నిలబెట్టుకోకపోతే సర్టిఫికెట్ రాదు. ముందే చెప్పడం నా బాధ్యత."

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని చదివింది. ఇరవై మూడు చోట్ల తన గొప్పతనం. పదిహేడో గీత దగ్గర ఆగిపోయింది. కోర్సు మేడమ్ చిన్న అక్షరాలతో ఇలా రాసింది: తాళాలు అన్న విద్యార్థి, "ముందు, ఇక్కడ, నా పక్కన, ఒక మనిషి, లిఫ్టు..." మీరు, "లిఫ్టు పనిచేయట్లేదా? ఆఫీసులో చెప్తాను." విద్యార్థి, "ఎస్."

వకీలమ్మ ఆ లైను నాలుగుసార్లు చదివింది. లిఫ్టు ఆ రోజు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. తనూ అందులోనే ఎక్కివచ్చింది.

మర్నాడు క్లాసు లేదు, కానీ ఆఫీసు తాళం బాగుచేయడానికి వచ్చిన తాళాలాయన్ని మెట్ల దగ్గర పట్టుకుంది. మనిషి ఆగింది గానీ నోరు ఆగలేదు. ఇంగ్లీషులో ఒకటే వాన. "మీ పక్కన కూర్చున్నాయన లిఫ్టు మెకానికే కదా? కాస్త పొడుగు కదా? గడ్డం కింద మచ్చ కదా? బాగా మాట్లాడేవారా? మీకు చెప్పారా, ఇంటి సంగతులేమైనా? సంతోషంగా ఉండేవారా?" అతను గోడకి జరిగి, బెరుకుగా నవ్వుతూ, "ఎస్. ఎస్. ఎస్" అన్నాడు. అప్పుడు ఆమె ఒక పరీక్ష పెట్టింది. "ఆయన గడ్డం పెంచేవారు కదా?" "ఎస్." వకీలమ్మ మొగుడు పుట్టాక ఒక్క రోజు గడ్డం పెంచి ఎరగడు.

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. తను పోసినదే తనకి తిరిగి పోశాడు పాపం. తొందరపెడితే ఎవరైనా అంతే, గోల వదులుతుందని అవునంటారు. ముప్పయ్యేళ్లుగా ఇంట్లో తను విన్న ప్రతి అవునూ ఇలాంటిదేనేమో అన్న ఆలోచన వచ్చింది. దాన్ని తోసేయడానికి ప్రయత్నించింది. పోలేదు.

ఆ వారమంతా కూతురితో సాధన. అమ్మ అడగాలి, కూతురు కావాలని నీళ్లు నమలాలి, అమ్మ పది లెక్కపెట్టాలి. మొదటి రోజు నాలుగు దాటలేదు. పెదవులు వాటంతటవే కదిలేవి. నోట్లో నీళ్లు పోసుకుని కూర్చోమంది కూతురు. అలా కూర్చుంటే ఏడు దాకా వచ్చింది, ఎనిమిదో అంకెకి నీళ్లు మింగేసి మాట్లాడేసింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నవ్వు ఆగాక కూతురు, "నాన్నకి ఇందులో సగం టైమిచ్చినా ఉపన్యాసాలిచ్చేవాడమ్మా" అంది. సరదాకే అంది. వెంటనే నాలుక్కరుచుకుంది. వకీలమ్మ గ్లాసు తీసుకెళ్లి సింకులో పెట్టి, చాలాసేపు కడుగుతూనే ఉంది. ఆమెకి ఆయన కావాలి. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర కావాలి, గ్రీజు వాసన కావాలి, ఎదురు కుర్చీలో కూర్చుని ఆయన ఒక మాట వెతుక్కుంటూ ఉంటే తను నోట్లో నీళ్లు పోసుకుని ఎదురుచూడటం కావాలి. పది ఏమిటి, వెయ్యి లెక్కపెట్టేది.

ఏడో పాఠం అత్తెసరుగా గట్టెక్కింది, ఆరు గీతలతో. ఎనిమిదో పాఠానికి విషయం ఎవరిది వాళ్లే ఎంచుకోవాలి. వకీలమ్మ "నాతోపాటు నేర్చుకున్న ఒక మనిషి" అని ఎంచుకుంది. అందులో స్వార్థం లేదని నేనంటే మీరు నమ్మరు, నేనూ అనను. కానీ ఒక్క మాట. తాళాలాయన్ని మళ్లీ పక్కకి పిలిచి, నేను ఆయన భార్యని, నెమ్మదిగా చెప్పండి అని అడగవచ్చు. అడగలేదు. భార్యని అని తెలిస్తే జాలిపడి మంచి మాటలు చెప్తాడు. ఆమెకి మంచి మాటలు అక్కర్లేదు. ఆయన అన్న మాట కావాలి.

ఆమె పాసయిందా లేదా అని మీరు చివరిదాకా గోళ్లు కొరుక్కోనక్కర్లేదు, ఇప్పుడే చెప్పేస్తున్నాను. పాసయింది. పాఠం పదకొండు నిమిషాలు ఎక్కువ సాగిందని రాశారు, బోర్డు మీది అక్షరాలు పక్కకి వాలుతున్నాయని రాశారు, గీతలు పెట్టే గడి ఖాళీగా వదిలేశారు. సర్టిఫికెట్ ఇంట్లో ఫ్రేములో ఉంది. అసలు సంగతి ఆ నలభై నిమిషాలది. కాదు, యాభై ఒకటి.

గురువారం మధ్యాహ్నం మూడు. కిటికీ పక్కన కోర్సు మేడమ్, చెవి వెనక పెన్సిలు. వకీలమ్మ బోర్డు మీద ప్రశ్న రాసి, ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమని, తరువాత ఒక్కొక్కరినీ అందరికీ చెప్పమంది. బేకరీ తన అక్క గురించి చెప్పింది. మధ్యలో రెండుచోట్ల ఆగింది. వకీలమ్మ నాలుకని పళ్ల వెనక బిగించి ఆరు లెక్కపెట్టింది. బేకరీ తనే దారి పట్టుకుంది. డ్రైవరు చెప్పాడు. అద్దాలు చెప్పింది. అప్పుడు తాళాలాయన లేచి నిలబడ్డాడు. కూర్చునే చెప్పవచ్చు, అయినా లేచాడు.

"ఒక మనిషి" అన్నాడు ఇంగ్లీషులో.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"మేము ఆయన్ని లిఫ్టు అంటాం. నా పక్కన కూర్చుంటాడు. నేను తాళం. ఆయన లిఫ్టు." ఆగాడు. వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "ఇద్దరిదీ ఒకటే పని అంటాడు. లోపల... ఇరుక్కున్న మనుషులు. మేము తలుపు తీస్తాం."

క్లాసు నవ్వింది. వకీలమ్మ నవ్వలేదు. ఆ పరాచికం ఆయనదే. ఇంట్లో తెలుగులో ఇలాంటివి రోజుకి పది వేసేవాడు. ఇంగ్లీషులో కూడా వేశాడన్నమాట, పదిమందిని నవ్వించాడన్నమాట.

"ఒక రోజు టీచరు అడిగింది. ఇంగ్లీషు ఎందుకు? నేను చెప్పాను, పని కోసం. అందరూ చెప్పారు, పని కోసం. ఆయన చెప్పాడు..."

అక్కడ తాళాలాయనకి మాట దొరకలేదు. ఒకటి నుంచి పది అయింది. మళ్లీ ఒకటి. కింద వీధిలో ఎవరో షట్టరు లాగిన చప్పుడు. బేకరీ ఏదో అందించబోయింది. వకీలమ్మ చెయ్యి కొంచెం ఎత్తి ఆపింది. మళ్లీ పది. ఆమె ప్రాణమంతా అతని పెదవుల మీదుంది. ఒక్క మాట వేస్తే అతను అవునని కూర్చుంటాడు, ఇక ఎప్పటికీ అంతే. గోడ గడియారం వంక చూడలేదు. మూడో పది కూడా అయింది.

"ఆయన చెప్పాడు. నా భార్య మాట్లాడుతుంది. చాలా బాగా. షాపులో మాట్లాడుతుంది, నా కోసం మాట్లాడుతుంది. రోజంతా నిలబడుతుంది. కాళ్లు వాపు." ఊపిరి తీసుకున్నాడు. "ఆయన చెప్పాడు. ఒక రోజు ఆమె కూర్చోవాలి. నేను నిలబడతాను. నేను మాట్లాడతాను."

తాళాలాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఇంకా ఉందని వకీలమ్మకి తెలిసింది, అందుకని ఆగింది.

"తరువాత రాలేదు. ఎందుకో నాకు తెలియదు. నేను ఆ కుర్చీ... కొన్ని రోజులు... ఎవరినీ కూర్చోనివ్వలేదు." ఆమె వైపు చూశాడు. "టీచర్. ఆ రోజు మెట్ల మీద మీరు అడిగారు. ఆయన మీకు తెలుసా?"

తెలుసు అని చెప్పాలి. నా భర్త అని చెప్పాలి. ఇంగ్లీషులో మూడు మాటలు. కౌంటరు మీద ఇరవై రెండేళ్లలో ఏనాడూ తడబడని మనిషి నోరు తెరిచింది.

"ఐ..." అంది.

అక్కడ ఆగిపోయింది. తరువాతి మాట ఎంత వెతికినా రాలేదు. బోర్డు అంచు పట్టుకుంది. తొమ్మిది మందీ చూస్తున్నారు. బేకరీ ఏమీ అందించలేదు. కోర్సు మేడమ్ పెన్సిలు ఒళ్లో పెట్టేసింది. నాలుగు వారాలుగా ఆమె వాళ్లకి ఇవ్వడం నేర్చుకున్నది, వాళ్లందరూ కలిసి ఇప్పుడు ఆమెకి ఇస్తున్నారు.

తాళాలాయన తన పక్కనున్న ఖాళీ కుర్చీని చేత్తో తుడిచి, ఆమె వైపు జరిపాడు.

వకీలమ్మ వెళ్లి అందులో కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు. అందరూ ఆగారు.